కొట్టుకుంటున్న గుండె మీదే కొలత తీయాలి

గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ వాల్వ్‌ని రిపేరు చేసే ఆపరేషన్‌కి మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. సర్జన్ ఆ వాల్వ్‌ని బాగుచేసేది గుండె ఆగి ఉన్నప్పుడు. అది పనిచేయాల్సింది గుండె కొట్టుకుంటున్నప్పుడు. రక్తప్రసరణని హార్ట్-లంగ్ మెషిన్‌కి అప్పగించి, మందుతో గుండెని ఆపి, ఎడమ పై గదిని తెరిచి చూస్తే అక్కడ ఉండేది నెత్తురు లేక, బిగువు లేక జారగిలబడిన కండరం. దాన్ని చూసే వాల్వ్ చుట్టూ ఏ సైజు రింగు కుట్టాలో, వాల్వ్ రేకుల్ని పట్టి ఉంచే దారం తెగితే ఆ స్థానంలో ఎంత పొడవు దారం వేయాలో తేల్చుకోవాలి. కుట్టాక కింది గదిలోకి సలైన్ నింపి, వాల్వ్ మూసుకుంటోందో లేదో చూస్తారు. ఆ సలైన్ ఒత్తిడికీ, నడుస్తున్న గుండె ప్రతి దెబ్బకీ పుట్టించే 120 మిల్లీమీటర్ల ఒత్తిడికీ పోలికే లేదు. అసలు ఫలితం తెలిసేది గుండెని మళ్లీ నడిపించాకే. అప్పటికి దాన్ని కుట్టేసి ఉంటారు. లీకు మిగిలిందని తేలితే ఉన్నవి రెండే దారులు. మళ్లీ గుండెని ఆపి పని మొదటికి తేవడం, లేదా ఈ మాత్రం లీకు ఫరవాలేదనుకుని ఛాతీ మూసేయడం.

ఈ చిక్కుకి విరుగుడుగా వచ్చినవే సర్దుబాటు చేయగల ఇంప్లాంట్లు. లోపల అమర్చిన తర్వాత, గుండె కొట్టుకుంటూ ఉండగానే బయటి నుంచి బిగించడానికో వదులు చేయడానికో వీలున్న రింగులు, దారాలు. వీటి ఊసెత్తితే మన దగ్గర చాలామంది, డాక్టర్లతో సహా, "అవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు" అనేస్తారు. నేను చెప్పదలుచుకున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. రెండోసారి ఆపరేషన్ చేయించుకోగల స్తోమత ఉన్నవాళ్లకి ఇది సౌకర్యం. ఆ స్తోమత లేని గుంటూరు, పల్నాడు, కృష్ణా జిల్లాల పేషెంటుకి ఇది అవసరం.

ముందు వాల్వ్ సంగతి. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది మైట్రల్ వాల్వ్. దానికి రెండు రేకులు. రేకుల చుట్టూ ఒక వలయం. రేకుల అంచుల నుంచి కింది గది గోడల్లోని చిన్న కండరాల దాకా సన్నటి దారాలు. కింది గది ముడుచుకున్నప్పుడు రెండు రేకులూ ఒకదానికొకటి ఆనుకుని మూసుకోవాలి, దారాలు వాటిని వెనక్కి తిరగబడకుండా పట్టుకోవాలి. వలయం సాగిపోయినా, దారం తెగినా, రేకు ముడుచుకుపోయినా, కింది గది ఉబ్బి కండరాలు పక్కకి జరిగినా రేకులు కలవవు. నెత్తురు వెనక్కి, ఊపిరితిత్తుల వైపు తన్నుతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే ఆయాసం.

1960ల చివర్లో పారిస్‌లో ఆలెన్ కార్పెంటియర్ అనే సర్జన్ ఈ వలయానికి ఒక రింగు కుట్టి, సాగిన ఆకారాన్ని మళ్లీ దారికి తెచ్చే పద్ధతి తెచ్చాడు. తర్వాత స్పెయిన్‌కి చెందిన కార్లోస్ డ్యురాన్ వంగే రింగుని తెచ్చాడు. తెగిన దారాల స్థానంలో గోర్‌టెక్స్ అనే కృత్రిమ పదార్థపు దారాలు వేయడం టొరంటోలో టైరోన్ డేవిడ్ లాంటివాళ్ల చేతుల మీదుగా స్థిరపడింది. వీళ్లంతా మహానుభావులు. కానీ వాళ్లు ఇచ్చిన రింగులు 26, 28, 30 అంటూ రెండేసి మిల్లీమీటర్ల తేడాతో సైజులుగా వస్తాయి. ఒక సైజు ఎంచుకుని కుట్టాక ఇక అంతే. దారం పొడవూ అంతే, ముడి వేశాక మారదు. కొన్ని మిల్లీమీటర్లు పొడుగైతే రేకు వెనక్కి తిరగబడుతుంది, పొట్టిదైతే రేకు కిందకి లాగబడి మూసుకోదు. రింగు పెద్దదైతే లీకు. మరీ చిన్నదైతే నెత్తురు దిగే దారే ఇరుకవుతుంది, లేదా ముందు రేకు బృహద్ధమనికి వెళ్లే దారికి అడ్డంపడుతుంది. మంచి టైలరు జాకెట్టు కుట్టేటప్పుడు రేపు వదులు చేసుకోవడానికి లోపల కాస్త గుడ్డ వదులుతాడు. ఇన్నేళ్లుగా గుండెలో పెడుతున్న రింగుకి ఆ వదిలిన గుడ్డ లేదు.

రింగులో అలాంటి వెసులుబాటు పెట్టడానికి ఇంజనీర్లు పట్టిన దారులు రకరకాలు. ఇజ్రాయెల్‌లో వాల్టెక్ కార్డియో అనే కంపెనీ చేసిన కార్డినల్ రింగుని మామూలు రింగులాగే కుడతారు. కాకపోతే దాని లోపల ఒక తీగ ఉంటుంది. ఆ తీగని చుట్టే యంత్రానికి తగిలించిన సన్నటి పరికరం కొస గుండె బయటికి వచ్చి ఉంటుంది. హార్ట్-లంగ్ మెషిన్ నుంచి బయటపడి గుండె తనంతట తాను కొట్టుకుంటున్నప్పుడు, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) స్క్రీన్ మీద లీకు చూస్తూ ఆ కొసని తిప్పుతారు. రింగు చుట్టుకొలత తగ్గుతుంది, పెరుగుతుంది. లీకు పోయిన చోట ఆపి, పరికరాన్ని విడదీసి తీసేస్తారు. అదే కంపెనీ తయారుచేసిన కార్డియోబ్యాండ్‌కైతే ఛాతీ కోయక్కర్లేదు. తొడ దగ్గర సిర లోంచి గొట్టం పంపి, వలయం పొడవునా చిన్న చిన్న మరల్లాంటి వాటితో ఒక పట్టీని బిగించి, ఆ తర్వాత పట్టీ లోపలి తీగని లాగి ముడుస్తారు. దీనికి యూరప్‌లో 2015లో మైట్రల్ వాల్వ్‌కి, 2018లో కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వ్‌కి అనుమతి వచ్చింది. మధ్యలో ఎడ్వర్డ్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. అమెరికాలో మైకార్డియా చేసిన రింగులో వేడి తగిలితే ముందే నేర్పిన ఆకారానికి మారే నికెల్-టైటానియం లోహం వాడారు. ఫ్రాన్స్‌లో అఫ్లుయెంట్ మెడికల్ చేసిన కలియోస్ రింగుని తర్వాత ఎప్పుడైనా బెలూన్ గొట్టం పంపి సర్దుకునేలా రూపొందించారు. దారాల విషయంలో నియోకార్డ్ అనే పద్ధతి ఉంది. గుండె ఆపకుండానే దాని కొన దగ్గర నుంచి లోపలికి వెళ్లి రేకుకి దారం తగిలించి, ఎకో చూస్తూ లాగి, సరైన పొడవు దగ్గర ముడి వేస్తారు.

వీటన్నిటిలో నాకు నచ్చిన ఆలోచన ఒక్కటే. సర్జన్ చేతికి ఇంకో అవకాశం ఇవ్వడం.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. నేను విజయవాడ, గుంటూరు, తెనాలి ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్, ఎకో మెషిన్లకు సర్వీసింగ్ చేసే ఇంజనీరుని. సూర్యారావుపేట సందుల్లో, గుంటూరు కొత్తపేటలో రోజూ తిరిగేవాణ్ణి. ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఎకో వేరు. పేషెంటు మత్తులో ఉండగా నోట్లోంచి అన్నవాహికలోకి ఒక ప్రోబు దింపి, గుండెని వెనక నుంచి చూస్తారు. దాన్ని టీఈఈ అంటారు. మైట్రల్ వాల్వ్ కనిపించాల్సినంత స్పష్టంగా కనిపించేది అందులోనే. ఆ ప్రోబు చాలా సుకుమారమైనది. మెడ దగ్గర వంగే కేబుళ్లు అరిగిపోతాయి, పేషెంటు పళ్లు పడితే పైతొడుగు చిల్లుపడుతుంది, చిల్లుపడిన ప్రోబుని వాడితే కరెంటు లీకయ్యే ప్రమాదం. రిపేరుకి పంపితే వారాలు పడుతుంది, బిల్లు లక్షల్లో ఉంటుంది. రెండో ప్రోబు ఉన్న ఆసుపత్రులు తక్కువ.

మా అక్కకి మైట్రల్ రిపేరు చేసిన రోజు ఆ ఆసుపత్రిలో టీఈఈ ప్రోబు రిపేరుకి వెళ్లి ఉంది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆపరేషన్ వాయిదా వేయలేదు. సలైన్ పరీక్షలో బాగానే ఉందన్నారు. వార్డుకి వచ్చాక ఛాతీ మీద నుంచి తీసిన మామూలు ఎకోలో ఓ మోస్తరు లీకు కనిపించింది. డాక్టర్ గారు మంచి మనిషి, చెయ్యి తిరిగిన సర్జన్. ఆయన చేతిని నేను తప్పుపట్టను. కళ్లు లేకుండా పని చేయనిచ్చిన ఏర్పాటుని తప్పుపడతాను. అక్కకి అప్పుడు ముప్పై దాటింది. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లవాపులతో జ్వరం వచ్చి, అది గుండె వాల్వ్‌లని పాడుచేసే రుమాటిక్ జ్వరమని ఆలస్యంగా తేలినవాళ్లలో ఆవిడ ఒకరు.

ఆ తర్వాతి ఏళ్లలో లీకు పెరిగింది. కింది గది సాగుతోందని, వాల్వ్ మార్చక తప్పదని చెప్పారు. ఇంటికొచ్చాక అక్క అడిగింది: "లోపల పెట్టింది రింగేగా తమ్ముడూ, మళ్లీ కాస్త బిగించరాదూ?" చదువుకున్నది పదో తరగతి. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీల ఇంజనీర్లు తల బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్నే ఆవిడ అడిగింది. బిగించలేరక్కా, అది అలా చేసింది కాదు అని చెప్పాను.

వాల్వ్ మార్చడం అంటే ఏమిటో ఈ జిల్లాల్లో గుండె పేషెంటు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మెటల్ వాల్వ్ పెడితే జీవితాంతం నెత్తురు గడ్డకట్టకుండా చూసే ఎసిట్రోమ్ మాత్రలు. ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే పీటీ-ఐఎన్ఆర్ రక్తపరీక్ష మాటిమాటికీ. మైట్రల్ మెటల్ వాల్వ్‌కి ఐఎన్ఆర్ 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వ్‌లో గడ్డకట్టి అది బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. పెరిగితే మెదడులో రక్తస్రావం. ఆకుకూరలు ఒక వారం ఎక్కువ తిన్నా లెక్క మారుతుంది. ఊళ్లో ల్యాబు లేనివాళ్లు ఆ పరీక్ష కోసం ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కాలి. చాలామంది మానేస్తారు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. గర్భం మొదటి నెలల్లో ఈ జాతి మాత్రలు బిడ్డకి హాని చేస్తాయి, మానేస్తే తల్లికి ప్రమాదం. జంతు కణజాలంతో చేసిన వాల్వ్ పెడితే ఈ మాత్రల బాధ చాలావరకు ఉండదు, కానీ చిన్న వయసులో అది త్వరగా పాడై మరో ఆపరేషన్‌కి దారి తీస్తుంది. అందుకే చిన్న వయసు పేషెంటుకి, ముఖ్యంగా పెళ్లి కావాల్సిన, పిల్లలు కనాల్సిన అమ్మాయికి, వీలైన ప్రతిచోటా వాల్వ్ రిపేరే మొదటి మాట కావాలి. రిపేరు నిలబడే అవకాశాన్ని పెంచే ఏ పరికరమైనా మనకే ముందు కావాలి.

దీనికి గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని దాటేసి మాట్లాడటం నాకిష్టం లేదు.

మొదటిది సర్జన్ల నుంచి వస్తుంది. చెయ్యి తిరిగినవాడికి సర్దుబాటు అక్కర్లేదు, సైజు సరిగ్గా ఎంచుకుంటాడు అని. అనుభవం ఉన్న సెంటర్లలో రిపేరు ఫలితాలు చాలా బాగుంటాయన్నది నిజమే. కానీ ఎంత నేర్పరి చేసినా కొన్ని గుండెలు ఆపరేషన్ తర్వాత మారుతూనే ఉంటాయి. గుండెపోటు తర్వాత కింది గది ఉబ్బడం వల్ల లీకు వచ్చిన 251 మంది మీద అమెరికా, కెనడాల్లో ఒక పరీక్ష జరిగింది. సగం మందికి చిన్న సైజు రింగుతో రిపేరు, సగం మందికి వాల్వ్ మార్పిడి. 2014లో మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. రిపేరు గుంపులో 32.6 శాతం మందికి మధ్యస్థ, తీవ్ర లీకు తిరిగొచ్చింది, మార్పిడి గుంపులో 2.3 శాతం. రెండో ఏటికి అది 58.8కీ 3.8కీ చేరింది. బతికినవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు కానీ, రిపేరు చేయించుకున్నవాళ్లు గుండె బలహీనతతో ఆసుపత్రికి ఎక్కువగా తిరిగొచ్చారు. ఈ పరీక్షలో చేసింది అనామక సర్జన్లు కాదు. కింది గది సాగుతూ పోయింది, రింగు మాత్రం కుట్టిన రోజు సైజులోనే ఉండిపోయింది. ఇలాంటి లీకులో కండరాలు రేకుల్ని కిందకి లాగుతాయి కాబట్టి రింగు బిగించినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. అయినా ఆరు నెలల తర్వాత రెండు మిల్లీమీటర్లు మార్చే వీలు ఉండటానికీ, అసలేమీ చేయలేకపోవడానికీ తేడా లేదని ఎవరూ అనలేరు.

ఇంకో సంగతి కూడా ఉంది. థియేటర్‌లో టీఈఈ ఉన్నా అది పూర్తి నిజం చెప్పదు. మత్తులో రక్తపోటు పడిపోతుంది, పోటు తగ్గితే లీకు అసలు కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్త గల అనెస్థటిస్టులు మందిచ్చి పోటు పెంచి మరోసారి చూస్తారు. ఆ మనిషి లేచి, నడిచి, పొలం వెళ్లి, బిందె ఎత్తినప్పుడు వాల్వ్ ఎలా ఉంటుందో ఆ బల్ల మీద తెలియదు. అందుకే ఆపరేషన్ రోజునే సర్దే రింగు కన్నా, నెలల తర్వాత కూడా సర్దగలిగే రింగు మీదే నాకు ఎక్కువ ఆశ.

రెండో అభ్యంతరం ఇంజనీరుగా నాకే కలిగినది. గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏడాదికి మూడున్నర కోట్ల పైమాట. పాతికేళ్ల పిల్లకి రింగు పెడితే ఇంకో నలభై ఏళ్లలో అది నూట నలభై కోట్ల దెబ్బలు తినాలి. మామూలు రింగు అంటే గుడ్డ చుట్టిన ఒక బద్ద, అందులో చెడిపోయేదేమీ పెద్దగా లేదు. తీగ, మర, చుట్టే చక్రం పెట్టగానే తెగేవీ జారేవీ వచ్చి చేరతాయి. పైగా కుట్టిన కొన్ని నెలలకే శరీరం ఆ రింగు మీద కణజాలం పెంచి కప్పేస్తుంది, దాని కింద మర తిరగాలి. తర్వాత సర్దడం కోసం వైరు కొస చర్మం కింద వదిలితే ఇన్ఫెక్షన్ భయం. డెబ్బై ఐదేళ్ల పేషెంట్ల మీద ఐదేళ్లు చూసి "బాగుంది" అంటే అది పాతికేళ్ల పిల్లకి చాలదు. ఈ పరికరాల పరీక్షలు ఎక్కువగా జరిగేది పెద్ద వయసువాళ్ల మీద, సాగిన వలయాల మీద. మన రుమాటిక్ వాల్వ్‌ల మీద కాదు.

మూడోది అన్నిటికన్నా బలమైనది. రుమాటిక్ జబ్బులో రేకులు మందమవుతాయి, అంచులు అతుక్కుంటాయి, దారాలు కురచబడతాయి. చాలామందికి లీకు కన్నా ఇరుకే పెద్ద సమస్య, దానికి బెలూన్‌తో తెరవడం ఉంది, రింగుతో పని లేదు. లీకు ఉన్నవాళ్లలో కూడా రేకులే ముడుచుకుపోతూ ఉంటే ఏ రింగూ కాపాడలేదు. జబ్బు ముదరకుండా ఆపేది మూడు వారాలకో నాలుగు వారాలకో వేయించుకునే పెనిసిలిన్ సూది. మా వైపు "21 రోజుల ఇంజక్షన్" అంటారు. ఆ సూది క్రమంగా అందని చోట సర్దుబాటు రింగు గురించి మాట్లాడటం అన్యాయమని ఎవరన్నా అంటే, నేను ఒప్పుకుంటాను. రెండూ అడగాలి అని మాత్రం అంటాను. సూది రేపటి పిల్లల కోసం. వాల్వ్ ఇప్పటికే పాడైనవాళ్లు ఈ రోజు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఓపీలో కూర్చుని ఉన్నారు.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఇలాంటి పరికరం దిగుమతి ధర మనం భరించగలిగేది కాదు, నిజమే. 2017లో కేంద్రం గుండె స్టెంట్ల ధరలకి పరిమితి పెట్టింది, అదే ఏడాది మోకాలి ఇంప్లాంట్లకీ పెట్టింది. అంటే ధర అనేది ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. దానికన్నా నాకు ధైర్యమిచ్చేది తిరువనంతపురం కథ. శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వంలో డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి మన దేశపు మెటల్ వాల్వ్ తయారుచేశారు. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది 1990లో మనిషికి పెట్టారు. టీటీకే చిత్ర పేరుతో అది దిగుమతి వాల్వ్‌ల కన్నా బాగా తక్కువ ధరకి దొరికి, ఎందరో పేదల ఛాతీల్లో ఇప్పటికీ పనిచేస్తోంది. విశాఖలో ఇప్పుడు వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో 2016లో గుండె మార్పిడే చేసి చూపించారు. పాతికేళ్ల రుమాటిక్ పేషెంటుని మనసులో పెట్టుకుని, నూట నలభై కోట్ల దెబ్బలకి తట్టుకునేలా ఒక సర్దుబాటు రింగుని మన దగ్గరే గీయడం ఎందుకు కుదరదు? తీగా మరా ఉన్న యంత్రం వద్దు, బెలూన్‌తో ఒకటి రెండుసార్లు ఆకారం మార్చుకునే సాదా రింగు చాలు. అది చిన్న కోరిక కాదని తెలుసు. కానీ ఇంత మంది చిన్న వయసు వాల్వ్ పేషెంట్లు డబ్బున్న దేశాల్లో లేరు. కాబట్టి వాళ్లు మనకోసం దీన్ని చేసిపెట్టరు.

అది వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. ఎకో లేకుండా వాల్వ్ రిపేరు చేయకూడదన్న నియమం. ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీ కింద చేసినా, సొంత డబ్బుతో చేసినా, గుండె మళ్లీ కొట్టుకున్నాక టీఈఈలో తీసిన వీడియో కేసు షీటుకి జతపడాలి. పోటు పెంచి చూశారా లేదా అందులో రాయాలి. ఎంత ఖరీదైన సర్దుబాటు రింగు తెచ్చినా, చూసే ప్రోబు లేని థియేటర్‌లో అది మామూలు రింగే.

మీ ఇంట్లో ఎవరికన్నా మైట్రల్ ఆపరేషన్ చెప్పి ఉంటే, సంతకం పెట్టే ముందు డాక్టర్ గారిని మొహమాటం లేకుండా అడగండి. ఇది రిపేరుకి పనికొచ్చే వాల్వేనా, మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, లీకు మిగిలితే ఆ రోజే మళ్లీ సరిచేస్తారా, థియేటర్‌లో టీఈఈ ఉందా అని. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి కోప్పడడు. ప్రోబు రిపేరుకి వెళ్లిందని చెబితే, ఎమర్జెన్సీ కాని కేసైతే, అది తిరిగొచ్చాకే తేదీ ఇమ్మని అడగండి.